పాత బ్యాటరీ ఇచ్చేది లేదు

సాలోమోను తాత పాత మోటర్ సైకిల్ ఆ రోజు నా బ్యాటరీల దుకాణం దాకా తనంతట తాను రాలేదు. వెనక ఆటో నడుపుతూ నాగేష్ ఒక కాలు బయటికి చాపి, బండి ఫుట్‌రెస్టు మీద ఆనించి నెట్టుకొచ్చాడు. తాత మాత్రం హ్యాండిల్ పట్టుకుని, ఊరేగింపులో ఉన్నట్టు నిటారుగా కూర్చుని, ఎదురొచ్చిన వాళ్ళందరికీ తలూపుతూ వచ్చాడు. ఆటోలో ఆయన భార్య మంగతాయి అవ్వ. కుడి మోకాలికి పట్టీ, ఒళ్ళో చేతికర్ర.

చంద్రపూర్ బాబూపేటలో నా దుకాణానికీ బాపయ్య మామ టీ కొట్టుకూ మధ్య ఒకటే గోడ. మామ, తాత ఒకే బొగ్గుబాయిలో పని చేసి రిటైరైనవాళ్ళు. అందుకని తాత ఏ పని మీద వచ్చినా ముందు టీ కొట్టు బల్ల మీద కూర్చుంటాడు. ఆయన కూర్చున్నాడంటే ఆ పని ఇప్పట్లో కాదని మా బజారంతటికీ తెలుసు.

"జెస్లిన్ బిడ్డా, ఒక బ్యాటరీ ఇయ్యి. మంచి బలం, తాకత్ ఉన్నది. నీ దగ్గర అన్నిటికన్నా పెద్దది. ఇంటికి వోయి నేనే బిగించుకుంట."

"అట్ల కాదు తాతా. బండి పక్క డబ్బా మూత తీస్తే లోపల జాగ ఎంతుందో చూస్త, వైర్లు ఎటు దిక్కున్నయో చూస్త. పాత బ్యాటరీ నాకిస్తే కొత్తదాని మీద కొంత తగ్గిస్త. అందరికీ గట్లనే."

"పాతది ఇచ్చే ముచ్చటే లేదు!" తాత డబ్బా మీద అరచెయ్యి అడ్డం పెట్టాడు. "ఏమన్న అడుగు ఇస్త. పాతది ఇయ్యను."

నాగేష్ ఆటో ఆపి వచ్చాడు. "అరే తాతా, పన్నెండు వోల్టులది ఏస్కో నా. ఆరుకు డబల్! బండి ఉడూన్ జాయీల్!"

"ఎగిరిపోయేది బండి కాదు, బల్బులు," అన్నాను. "ఇది ఆరు వోల్టుల కాలం బండి. పన్నెండు పెడితే హారన్ నుంచి హెడ్‌లైటు దాకా అన్నీ ఒక్కసారి కాలిపోతయి. పెద్దది కాదు, సరిపోయేది చూసుకోవాలె. మూత తియ్యనీ తాతా."

"జల్ది గావాలె బిడ్డా, నిజమే," అన్నాడు తాత, చెయ్యి మాత్రం తియ్యకుండా. "మా సతీష్ పాత ఇనుము కొనే భంగారోన్ని పిలిచిండు. ఇయ్యాల పొద్దు గూకే లోపట బండి కిక్కుకు షురూ అయితే ఉంచుతం, లేకుంటే తూకానికి ఇచ్చేస్తం అన్నడు నా కొడుకు. తూకానికి! ఈ బండిని! వానికేం ఎర్క, ఇందుల ఎసొంటి బ్యాటరీ ఉండెనో!"

నేను స్క్రూడ్రైవర్ తీశాను.

"ఆగు. ముందు దాని ముచ్చట ఇను. ఇన్నంక దానికి జోడు ఈ లోకంల దొరుకుతదో లేదో నువ్వే చెప్తవ్. బాపన్నా, నాలుగు చాయ్ పొయ్యి."

బాపయ్య మామ పొయ్యి మీద గిన్నె పెట్టాడు. మంగతాయి అవ్వ మెల్లగా ఆటో దిగి, బల్ల చివర కూర్చుని, మోకాలు చాపుకుంది. తాత మొదలుపెట్టాడు.

"అప్పటికి మా పెండ్లయి ఏడాది. బాయిల కొత్త నౌకరి. రాజురా అంగడికి పోదామన్నది ఈమె. బామ్ని దాటినం, వర్ధ నది బ్రిడ్జి ఎక్కినం, వాన దంచుతుంది. నడి బ్రిడ్జి మీద బండి ఆగింది. ఇంకొకడైతే ఏం జేస్తడు? దిగి తోస్తడు. నేను దిగలె. తాళం ఇట్ల తిప్పిన, కిక్కు మీద బొటనవేలు ఆనించిన. తొక్కలె, ఆనించిన, అంతే. భుర్రుమన్నది! బ్యాటరీ అంటే గది."

"వేలు ఆనిస్తేనా?" అన్నాడు బాపయ్య మామ.

"చెప్పులు కూడ ఏస్కోలె నేను. ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా? మర్లి వచ్చేటప్పటికి చీకటి వడుతుంది. లైటు ఏసిన. ఏమి లైటు, ఏమి లైటు! వర్ధ అవతల రాజురాల కోళ్ళు తెల్లారిందనుకొని కూసినయ్. ఒక కోడి కాదు, తాలూకా మొత్తం కోళ్ళు. ఒడ్డు మీద జాలరోళ్ళు వలలు భుజానేసుకొని బయలెల్లిండ్రు పాపం."

"తాతా," అన్నాను, "ఆరు వోల్టులు, నాలుగు ఆంపియర్లు. గుణిస్తే ఇరవై నాలుగు. హెడ్‌లైటు ఇరవై ఐదు వాట్లు. ఇంజన్ ఆపితే నిండా గంట కూడా వెలగదు. కోళ్ళు కాదు, పురుగులు కూడా లేవవు."

"నీ లెక్క ఇప్పటి బ్యాటరీలది బిడ్డా. అప్పటి నాలుగు వేరే, ఇప్పటి నాలుగు వేరే."

ఈ మాటకు బాపయ్య మామ కూడా తలూపాడు. అప్పటివన్నీ వేరేనని ఆ ఇద్దరికీ గట్టి నమ్మకం.

"అప్పుడు బాయి సైరన్ కూస్తే ఊరు లేసేది," తాత గొంతు తగ్గింది. "సైరన్ కూస్తే అన్నం తినేది. కాలనీ మొత్తానికి మోటర్ సైకిల్ మాది ఒక్కటే. ఐతారం ప్రార్థనకు బయలెల్లితే పోరగాండ్లు క్వార్టర్ల వెంబడి ఉరికొచ్చేది. ఆడోళ్ళు నల్లా కాడ బిందెలు ఇడిసిపెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని చూసేది. బిందెలు నిండి పారుతున్నా ఎవ్వరికీ సోయి లేదు. దేన్ని చూసేదనుకున్నవ్? బ్యాటరీనే."

"బ్యాటరీ బయటికి కనపడదు కదా తాతా," అన్నాడు నాగేష్.

"తాకత్ కనపడతది."

మంగతాయి అవ్వ టీ ఊదుకుంది. నేను రెంచీ కోసం వంగినట్టు వంగి మూత స్క్రూ మీద చెయ్యి వేశాను. తాత కాలు అడ్డం వచ్చింది.

"అసలు హారన్ ముచ్చటే చెప్పలె నీకు. విసాపూర్ కాడ పులి. చంద్రపూర్ల పులిని చూడనోడు ఎవడున్నడు, అందరు చూస్తరు. గని నడి రోడ్డు మీద కాళ్ళు చాపుకొని పండుకున్న పులిని చూసినోడు ఎవడు? ఈ దిక్కు బస్సు ఆగింది, ఆ దిక్కు రెండు లారీలు ఆగినయ్. డ్రైవర్లు అద్దాలెక్కించుకొని దండం పెడుతుండ్రు. నేను పోయిన. పులికి ఇంత దూరంల నిలవెట్టిన. హారన్ కొట్టిన. ఒక్కటే."

"పులి లేచిందా?" అన్నాడు నాగేష్.

"లేసుడు కాదు, మీసం సవరించుకొని పక్కకు జరిగింది. నేను దాటినంక మల్ల వచ్చి అదే జాగల పండుకుంది. బస్సుకు తొవ్వ ఇయ్యలె, నాకే ఇచ్చింది. ఆ హారన్ ఇటు బల్లార్‌పూర్ దాకా ఇనవడితే, కాయితం మిల్లోళ్ళు షిఫ్టు అయిపోయిందనుకొని డబ్బాలు పట్టుకొని ఇండ్లకు వోయిండ్రు."

"మా బావమరిది మిల్లులనే చేసిండు," అన్నాడు బాపయ్య మామ. "ఎన్నడూ చెప్పలె."

"సిగ్గుపడి చెప్పకపోవచ్చు. సగం షిఫ్టుకే ఇంటికి వోయినోడు బావకు చెప్పుకుంటడా?"

నాగేష్ పడీ పడీ నవ్వాడు. తాతకు ఇక ఆపేవాళ్ళు లేరు.

"క్రిస్మస్ ముచ్చట ఇను. మందిరంల రెండు వందల బల్బులు కట్టినం. సరిగ్గ పాట షురూ చేసే యాళ్లకు కరెంటు వోయింది. పాస్టర్ గారు నా దిక్కు చూసిండు. నేను బండి లోపటికే తోలిన, బ్యాటరీకి రెండు వైర్లు కలిపిన. మందిరం భగ్గుమన్నది!"

నా నోరు ఊరుకోదు. "ఒక్కో బల్బు అరవై వాట్లు. రెండు వందలంటే పన్నెండు వేల వాట్లు. మన బ్యాటరీ ఏడు సెకన్లు వస్తది తాతా."

"అందుకే ఆ యేడు పాస్టర్ గారు ప్రార్థన చిన్నగ చేసిండు," అన్నాడు తాత, కన్ను కూడా ఆర్పకుండా. "ఇంక ఎండకాలం సంగతి మీకు తెల్వంది కాదు. మన చంద్రపూర్ ఎండకు బ్యాటరీల నీళ్ళు సలసల మసిలేవి. నేను మూత తీసి, చాయ్ పత్తి ఏసి…"

"నాకైతే ఒక్కనాడు పొయ్యలె ఆ చాయ్," అన్నాడు బాపయ్య మామ.

"నీకు చక్కెర బీమారి. అది సరే, బొగ్గు సైడింగ్ల ఇంజన్ ఆగిపోయిన ముచ్చట! యాభై డబ్బాల గూడ్సు. పెద్ద పెద్ద ఇంజనీర్లు చేతులు కట్టుకొని నిలవడ్డరు. నేను బండి పట్టాల పక్కన పెట్టి, బ్యాటరీకెళ్ళి వైరు గుంజి ఇంజన్‌కు తగిలించిన. యాభై డబ్బాలు గుర్రం పిల్లోలె ఉరికినయ్. నేను వైరు తియ్య మర్చిపోతే, నా బండి కూడ దాని ఎంబడి పోయింది. అంత దూరం బడ్నేరా స్టేషన్ దాకా పోయి పట్టుకొచ్చుకున్న!"

"అరే బాప్ రే!" అన్నాడు నాగేష్.

"ఇంక ఆఖరిది. ఒకనాడు ఒక పవర్ హౌస్ ఆరిపోయింది. పేరు చెప్ప, వాళ్ళ ఇజ్జత్ పోతది. చిమ్నీలు సల్లారినయ్. ముంబై దాకా చీకటి. ముంబైల లిఫ్టులల్ల మనుషులు నడుమల ఏలాడుతుండ్రు. ఆ రాత్రికి రాత్రి నా క్వార్టర్ ముంగట ఏడు జీపులు వచ్చి ఆగినయ్. 'సాలోమోను గారూ, మీ బ్యాటరీ…' అన్నరు. అంత పెద్ద ఆఫీసర్, నా ముంగట నెత్తి మీది టోపీ తీసిండు. నేనన్న, 'ఇస్త గని, జర అన్నం తినొస్త.' తిన్న. చెయ్యి కడుక్కున్న. వోయిన. ఒక వైరు ఇటు, ఒక వైరు అటు, తాళం తిప్పిన. అగో, గప్పుడు ముంబై…"

వీధి మలుపు దగ్గర మైకు వినిపించింది. రికార్డు చేసిన గొంతు, ఇనుము, ప్లాస్టిక్, పాత బండ్లు కొంటామని మరాఠీలో సాగదీస్తూ: "భంగార్… లోఖండ్, ప్లాస్టిక్, జునీ గాడీ…"

తాత మాట ఆగిపోయింది. ముంబై చీకట్లోనే ఉండిపోయింది.

టెంపో మెల్లగా వచ్చి కొట్టు ముందు నిలబడింది. దాని వెనక రెండు మోటర్ సైకిళ్ళు అప్పటికే ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి, హ్యాండిళ్ళు వంగి, ఆకాశం వైపు చూస్తూ. డ్రైవర్ తల బయటికి పెట్టి, "సతీష్‌భావూంచీ గాడీ హీచ్ కా?" అని, సతీష్ బండి ఇదేనా అని మరాఠీలో అడిగాడు. ఆయనకు తొందరేమీ లేదు. బాపయ్య మామను ఒక టీ అడిగాడు.

తాత బండి ట్యాంకు మీద చెయ్యి వేసుకుని నిలబడ్డాడు. పక్క డబ్బా మీద ఆయన కాలు ఇంకా అడ్డంగానే ఉంది. అప్పుడు చూస్తే ఆయన నిజంగా ముసలివాడిలా కనిపించాడు.

మంగతాయి అవ్వ గ్లాసు కింద పెట్టింది.

"జెస్లిన్, తియ్ బిడ్డా మూత."

"తాయీ…" అన్నాడు తాత.

"కాలు తియ్యి."

తాత కాలు తీశాడు. నేను స్క్రూ విప్పాను. తుప్పు పట్టి ఉంటుందని గట్టిగా తిప్పబోతే, రోజూ తెరిచే పెట్టెలా తేలిగ్గా ఊడింది. లోపల బ్యాటరీ లేదు. పాతది లేదు, పగిలింది లేదు. బ్యాటరీ కూర్చునే రేకు మీద యాసిడ్ మరక ఒక్కటి లేదు, వైర్ల చివర ఎప్పుడో కట్టిన గుడ్డపీలిక అట్లాగే ఉంది. అక్కడ ఉన్నది ఒక జత రబ్బరు చెప్పులు. ఆడవాళ్ళవి. నీలం పట్టీలు.

చేతిలోకి తీసుకుని చూశాను. చెప్పులు ఎవరివైనా మడమ దగ్గర అరుగుతాయి. ఇవి వేళ్ళ దగ్గర అరిగిపోయాయి, కాగితమంత పలచగా.

"తోసేటప్పుడు మడమ నేలకు ఆనదు బిడ్డా," అంది అవ్వ. "ప్రార్థనకు ఏసుకునే చెప్పులు జారుతయని ఇవి అండ్ల పెట్టించిన. మొదటి బ్యాటరీ మేము రాజురా వోయిన దినమే, ఆ వానల, ఆ బ్రిడ్జి మీదనే పాడైంది. దిగింది నేను. తోసింది నేను. ఈయన దిగలె, గది మాత్రం నిజం. 'వచ్చే నెల కొత్తది ఏస్త తాయీ' అన్నడు. ఆ వచ్చే నెల ఇంక రానే లేదు."

నాగేష్ నోరు తెరుచుకుని విన్నాడు. "మరి ఇన్నేళ్ళు బండి ఎట్ల నడిచింది అవ్వా?"

"పాతకాలం బండి, బ్యాటరీ లేకుంటే కిక్కుకు లేవదు గని, తోస్తే అందుకుంటది. నేను తోస్తుంటి, ఇంజన్ అందుకోంగనే ఉరికి, కొంగు నడుముకు చెక్కుకొని, నడుస్తున్న బండి మీద ఎగిరి కూసుంటుంటి. ఒక దిక్కు కాళ్ళేసి. కాలనీ ఆడోళ్ళు బిందెలు ఇడిసిపెట్టి చూసింది గదే." అవ్వ మొహంలో నవ్వు కదిలింది. "సతీష్ కడుపుల ఉన్నప్పుడు తప్ప ఒక్క ఐతారం ఆగలె. అప్పుడు మాత్రం ఈయన తోసిండు. రెండు సార్లు పడ్డడు."

"మరి ఆ లైటు?" అన్నాడు బాపయ్య మామ.

"బ్యాటరీ లేకుంటే లైటు మిణుగురు పురుగోలె వస్తది. నేను ఎనకకెళ్ళి ఈయన భుజం మీద టార్చి పెట్టి పట్టుకుంటుంటి. మలుపు వస్తే చెయ్యి చాపుతుంటి. హారన్ లేదు కదా, నేనే గట్టిగ ఒర్రుతుంటి."

"పులి?"

"పులి కాదు, ఎద్దు. గని పండుకున్నది నిజమే, జరిగింది నిజమే."

మామ వదల్లేదు. "పవర్ హౌస్?"

"ఆ దినం నేను మా అమ్మగారింట్ల ఉన్న," అంది అవ్వ. "నాకు తెల్వది."

టెంపో డ్రైవర్‌కు తెలుగు ఎంత అర్థమైందో గానీ, టీ పొలమారేలా నవ్వాడు. తాత మాత్రం నవ్వలేదు, తల దించనూ లేదు. "నేను అబద్ధం ఏం చెప్పిన?" అన్నాడు మా అందరితో. "తాకత్ ఉండె అన్న. ఉండెనా, లేకుండెనా?"

"ఉండె," అంది అవ్వ, మోకాలు రాసుకుంటూ. "ఇప్పుడు ఇంక ఉరకొద్దు, తోయొద్దు అన్నడు డాక్టరు. బ్యాటరీ మాట ఈయన నోట్లకెళ్ళి వచ్చుడు ఆపరేషన్ అయినంకనే. ఏదన్న మంచిది చూసి పెట్టు బిడ్డా."

అటువంటి బండ్లు మా పేటలో ఇంకా ఎన్ని తిరుగుతున్నాయో దుకాణం తెరిచిన కొత్తలోనే లెక్క తీసి, నేను ఆరు వోల్టుల బ్యాటరీలు కొన్ని తెప్పించి పెట్టాను. రేకు కొలిచాను. మూడు రకాల్లో రెండు పట్టవు. మూడోది, సీలు వేసినది, వేలెడు జాగా మిగిల్చి కూర్చుంది.

"ఇందుల నీళ్ళు ఎక్కడ పోసుడు?" అన్నాడు తాత.

"పొయ్యొద్దు తాతా. ఇది నీళ్ళు తాగదు."

"నీళ్ళు తాగంది ఏం బ్యాటరీ?" అని గొణిగాడు గానీ, నేను వైర్లు గీకి, కొత్త ఫ్యూజు వేసి బిగిస్తున్నంతసేపూ నా నెత్తి మీదే నిలబడ్డాడు. ఎరుపు వైరు ఎటు, నలుపు వైరు ఎటు అని గుసగుసగా అడిగాడు.

తాళం తిప్పాడు. బొటనవేలు ఆనించడం కాదు, ఒళ్ళంతా ఎత్తి తొక్కాడు. బండి దగ్గింది. మళ్ళీ తొక్కాడు. మళ్ళీ దగ్గింది. డ్రైవర్ గ్లాసు పక్కన పెట్టి, తాడు తీసుకోవడానికి టెంపో వైపు ఒక అడుగు వేశాడు. తాత కళ్ళు మూసుకుని తొక్కాడు. నీలం పొగ బజారంతా కమ్మింది. ఆ పొగలోంచి డుగ్ డుగ్ డుగ్‌మని చప్పుడు నిలకడగా రావడం మొదలైంది. బాపయ్య మామ తువ్వాలు తీసి గాలిలో తిప్పాడు. డ్రైవర్ తాడు వదిలేసి, మైకు ఆన్ చేసుకుని, బల్లార్‌పూర్ రోడ్డు వైపు వెళ్ళిపోయాడు.

అవ్వ నాగేష్ భుజం పట్టుకుని, నెమ్మదిగా, ఆగి ఉన్న బండి వెనక కూర్చుంది. చేతికర్ర ఇద్దరి మధ్య పెట్టుకుంది. ఆ చెప్పుల జత నా చేతిలోనే ఉండిపోయింది. "పారేయనా అవ్వా?" అని అడిగేలోపే తాత వాటిని లాక్కుని క్యారియర్‌కు కట్టేశాడు.

నేను గ్యారంటీ కార్డు అందించాను. "తాతా, మరి పాత బ్యాటరీ?" అన్నాను నవ్వుతూ.

తాత వెనక్కి చూశాడు. "ఇయ్యనని ముందే చెప్పిన కదా."

"ఇస్త అన్నా తీస్కునేటోడెవడు, ముసలి బ్యాటరీని?" అంది అవ్వ, ఆయన వీపు మీద ఒక్కటి చరిచి. "నడుపు. ముంగట బర్రెలున్నయ్, చూస్కో."

నిజంగానే మలుపు దగ్గర రోడ్డుకు అడ్డంగా బర్రెల మంద నిలబడి ఉంది. తాత ఛాతీ పొంగించి, ఇన్నేళ్ళ తర్వాత మొదటిసారి, ఆ బండి హారన్ నొక్కాడు. "పీఁ…" అంది. మళ్ళీ నొక్కాడు. "పీఁ…" ఒక బర్రె తల తిప్పి చూసి, నెమరు వేసుకుంటూ మళ్ళీ అటే తిరిగింది.

అప్పుడు వెనక సీటు మీంచి వినిపించింది:

"జరుగుండ్రే…!"

బాపయ్య మామ బల్ల మీద గ్లాసులు గలగలమన్నాయి. మందలో ఒక్క బర్రె కూడా రోడ్డు మీద మిగల్లేదు.